దుర్గ నవ్వు

అమలాపురం చీరల కొట్టులో రూతు, నాగదుర్గ చాలా ఏళ్లుగా ఒకే కౌంటరులో పనిచేస్తున్నారు. శ్రావణమాసం రద్దీకని ఓనరు ఒక కొత్తమ్మాయిని పెట్టిన దగ్గర్నుంచి రూతుకు మనశ్శాంతి లేకుండా పోయింది.

చీరలు మడతపెడుతున్నంతసేపూ నాగదుర్గ ఆ పిల్లతో ఒకటే నవ్వు. భోజనాల దగ్గర చేపల పులుసు ముందు ఆ పిల్లకే వడ్డించేది. రూతు పక్కన కూర్చుంటే మాత్రం మాటే ఉండేది కాదు. సెలవునాడు రూతు వాళ్లింటికి వచ్చినా చాప మీద పడుకుని గోడకేసి చూసేది.

కడుపుమంట ఆపుకోలేక ఒకరోజు రూతు అడిగేసింది. "నా దగ్గర నవ్వడానికి నీకు నోరు రాదా?"

"నీ దగ్గర కూడా నవ్వాలా?" అంది నాగదుర్గ.

ఆ రోజు నుంచి రూతు ఆమెతో మాట్లాడటం మానేసింది.

ఆ వారంలోనే, నాగదుర్గ సరుకు తేవడానికి మేడమీదకు వెళ్లినప్పుడు, కొత్తమ్మాయి రూతు దగ్గరకు వచ్చింది.

"దుర్గక్కది ఎంత అదృష్టమోనండి. వాళ్లాయన మస్కట్ నుంచి వారం వారం ఫోన్ చేస్తారంట. ఈసారి గాజులు తెస్తానన్నారంట. నాకు రోజూ ఆ కబుర్లేనండి."

నాగదుర్గ భర్త అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టి చాలా కాలమైంది. ఆ సంగతి ఈ ఊళ్లో నాగదుర్గ రూతు ఒక్కదానికే చెప్పుకుంది.

అంతలో నాగదుర్గ చీరల కట్టతో దిగి వచ్చి, ఆ మాటలు విని మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయ్, నిజమేనమ్మా," అంది రూతు. "మొన్న ఫోనొచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. నన్ను కూడా బాగున్నావా అని అడిగేరు."