అలిగిన కంప్యూటర్

"పద్నాలుగోసారి," అంది మెకానిక్ మేస్త్రీ భార్య, కార్ల షెడ్డు గడప మీద కూర్చుని బఠానీలు ఒలుస్తూ.

"లెక్కపెట్టమని నిన్నెవరడిగారే?" అన్నాడు మేస్త్రీ. ఒళ్లో లాప్‌టాప్, చేతిలో కారు తాళం, ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

పశువుల డాక్టరమ్మ పాత కారు నిన్న పొద్దున లక్షణంగా నడుస్తూనే షెడ్డుకి వచ్చింది. పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతోందని ఆవిడ అంటే, ఇంజనుకి పెట్రోలు కొలిచి పోసే కంప్యూటర్‌లో లాప్‌టాప్ తగిలించి నాలుగు అంకెలు మార్చాడు మేస్త్రీ. ఆ తర్వాత తాళం తిప్పితే స్టార్ట్ కాలేదు. అంకెలు తగ్గించాడు, పెంచాడు, చివరికి పాతవే పెట్టేశాడు. పెట్రోలు పంపు మార్చాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"కోతిపుండు బ్రహ్మరాక్షసి చేశానే," అని గొణుక్కున్నాడు.

అంతలో డాక్టరమ్మ బ్యాగు భుజాన వేసుకుని రానే వచ్చింది.

"తాళం ఇవ్వండి మేస్త్రీ గారూ. డెయిరీలో ఆవు తెల్లారినుంచీ నొప్పులు పడుతోంది. దూడ అడ్డం తిరిగిందట. అరగంటలో నేనక్కడుండాలి."

మేస్త్రీ ఏదో ఒక అబద్ధం ఆడదామనుకున్నాడు గానీ, ఆవు సంగతి విన్నాక నోరు రాలేదు.

"నన్ను తిట్టండి డాక్టరమ్మా. బాగున్న బండిని నేనే పాడుచేశాను. ముప్ఫై ఏళ్లు కార్బురేటర్లు కడుక్కుని బతికినవాణ్ని, నెల రోజులు కంప్యూటర్ నేర్చుకుని ఎగిరిపడ్డాను. నా తెలివికి నాకే నవ్వొస్తోంది. బండిలాగే అదీ స్టార్ట్ కావడం లేదు."

"ఈయనకి కంప్యూటరంటే భయమండీ. దానికి ఈయనంటే ఇంకా భయం," అంది భార్య.

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. "ఏదీ, నా ముందొకసారి తిప్పండి."

మేస్త్రీ సీట్లో కూర్చున్నాడు. యాక్సిలరేటర్ నేలకంటేలా తొక్కిపట్టి తాళం తిప్పాడు. ఇంజను గిరగిరా తిరిగింది, మూలిగింది, ఆగింది.

"పదిహేను," అంది భార్య.

"ఇన్నిసార్లూ ఇలాగే తొక్కారా?" అడిగింది డాక్టరమ్మ.

"ఇలాగేనమ్మా. తొక్కకపోతే ఇంజను లేస్తుందా?"

"దిగండి."

ఆమె ఎక్కి కూర్చుని, రెండు కాళ్లూ వెనక్కి లాక్కుని తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

మేస్త్రీ నోరు తెరుచుకుంది. "ఏం చేశారమ్మా?"

"ఏమీ చేయలేదు. దీనికి అదే కిటుకు. చివరిదాకా తొక్కి తిప్పితే, ఇంజను పెట్రోలుతో తడిసిపోయింది కాబోలు, ఆరబెట్టమంటున్నారనుకుని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. మీ అంకెల తప్పేం లేదు."

మేస్త్రీ తన కుడికాలి వంక చూసుకున్నాడు. రెండు రోజులుగా బండిలో వెతికిన లోపం బండిలో లేదు, తన చెప్పులో ఉంది. ప్రాణం లేచివచ్చి పకపకా నవ్వేశాడు.

"ముప్ఫై ఏళ్ల అనుభవమంతా అరికాల్లోకి దిగిందన్నమాట! నాలాంటి మొద్దులు ఇంకెందరున్నారో. ఈ సంగతి రేపే పెద్దక్షరాలతో బోర్డు రాయించి షెడ్డు ముందు పెడతానమ్మా!"

కదలబోతున్న కారు గక్కున ఆగింది. డాక్టరమ్మ కంగారుగా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అంత పని చేయకండి బాబూ! మా ఆయన రోజూ ఈ దారినే ఆఫీసుకి నడిచివెళ్తారు. పన్నెండేళ్లుగా ఈ కారు ఆయన చేతిలో ఒక్కసారీ స్టార్ట్ కాలేదు!"