మొఖం కనవడాలె

ఫోన్ ఎదురుగా నిలబడగానే నవ్యశ్రీ మొహం పక్కకు తిప్పుకుంది.

"నాతోని కాదు అత్తమ్మా. నైటీని దండెం మీద ఏస్త. దాన్నే వీడియో తియ్యి, సాలు."

"మొఖం లేకుంటే ఎవలు కొంటరు బిడ్డా? మొఖం కనవడాలె," అంది చంద్రవ్వ, ఫోన్ దించకుండానే.

సిరిసిల్లలో నైటీలు కుట్టేవాళ్లకు కొదువ లేదు. అమ్ముకోగలిగిన వాళ్లకే కొదువ. నవ్యశ్రీ కుట్టినవి గదిలో అటక దాకా పేరుకుపోయాయి. దుకాణాలవాళ్లు తీసుకోవడం మానేశారు. ఇప్పుడు జనం ఫోన్లో చూసి కొంటున్నారు. అందులో కనిపించకపోతే కుట్టుమిషన్ అమ్ముకుని, పాపను చంకనేసుకుని పుట్టింటికి చేరడమే గతి. అది ఆమెకు చచ్చినా ఇష్టం లేదు.

ఒకప్పుడు ఫోన్ కనబడితే ఎదురొచ్చే పిల్లే. భర్త సాయిచంద్ పోయాకే ఇలా అయింది. అతను సాంచా నడుపుతూ నడుపుతూ ఆ మరమగ్గం పక్కనే కుప్పకూలాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. అప్పటి నుంచి ఎవరు ఫోన్ ఎత్తినా అతను వచ్చి తన ఎడమ భుజం పక్కన నిలబడినట్టే ఉంటుంది. ఊపిరి కూడా తగులుతుంది. తిరిగి చూస్తే గోడ.

"ఆయన ఈడనే నిలవడ్డట్టుంటది అత్తమ్మా."

చంద్రవ్వ చాలాసేపు ఆ గోడ వైపే చూసింది.

"ఉండనియ్యి. నువ్వు ఇటు సూడు," అంది.

ఇలాంటి అత్త ఊరికొకరు దొరికినా ఆడపిల్లల కష్టాలు సగం తీరిపోయేవి. చంద్రవ్వ తన చేతులతో కోడలికి తల దువ్వింది. మల్లెలు తెప్పించి జడలో పెట్టింది. వద్దంటున్నా వినకుండా నుదుట బొట్టు దిద్దింది. మొగుడు పోయి ఏడాది తిరక్కుండానే ఈ సోకులేంటని వాకిట్లో గుసగుసలాడినవాళ్లను దులిపేసింది.

"నా కోడలు. నేను పెడుతున్న. మీకేం నొప్పి?"

ఆ మాట విని నవ్యశ్రీకి ఏడుపొచ్చింది. కన్నతల్లి కూడా ఇంత అండగా నిలబడలేదు.

మొదటి వీడియో ఘోరంగా వచ్చింది. నైటీని తలకిందులుగా పట్టుకుంది. కళ్లు నేలకే అతుక్కుపోయాయి. చూసినవాళ్లు నవ్వారు. అయినా ఇద్దరు ముగ్గురు కొన్నారు. చంద్రవ్వ కోప్పడలేదు, నవ్వనూ లేదు. "ఇంకోటి తీద్దాం," అంది.

తర్వాత రోజూ అదే మాట. కోడలు పొయ్యి దగ్గరున్నా, కాసేపు నడుం వాల్చినా ఫోన్ పట్టుకుని వచ్చేది. అక్షరమ్ముక్క రాని మనిషి, ఎక్కడ నొక్కాలో, వెలుగు ఎటు నుంచి పడాలో పట్టుబట్టి నేర్చుకుంది. చిన్న వీడియోలు వేరు, లైవ్ వేరు అని కోడలు చెబితే శ్రద్ధగా వింది.

"లైవంటే శానసేపు ఉండాల్నా?"

"అవునత్తమ్మా. అందరు అడిగేటియన్ని సూపెట్టాలె గదా."

"అయితే గదే పెట్టు."

ఒకసారి లైవ్ నడుస్తుండగా పాప పాక్కుంటూ వచ్చి తల్లి కాళ్లు పట్టుకుంది. చూస్తున్నవాళ్లు ముద్దుగా ఉందంటూ రాయడం మొదలుపెట్టారు. చంద్రవ్వ ఫోన్ అక్కడే పడేసి ఉరికొచ్చి, పాపను కొంగులో చుట్టుకుని లోపలికి పోయింది. నాయనమ్మకు దిష్టి భయం కాబోలనుకుని నవ్యశ్రీ నవ్వుకుంది.

వ్యాపారం అందుకుంది. కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి, అవతల చంద్రాపూర్ నుంచి కూడా అడుగుతున్నారు. అటక ఖాళీ అయింది. నవ్యశ్రీ ఇప్పుడు తడబడకుండా మాట్లాడుతోంది. సాయిచంద్ మాత్రం ఆమె భుజం పక్క నుంచి కదల్లేదు. నవ్వుతూ రంగులు చెబుతున్నంతసేపూ మెడ మీద ఆ చల్లటి ఊపిరి తగులుతూనే ఉంటుంది.

మనిషి చిక్కిపోయింది. రవికలు వదులయ్యాయి. తిండి సయించడం లేదు. రాత్రి కుట్టడం, పగలు మాట్లాడటం, ఇక ఒంట్లో ఏం మిగులుతుంది?

"లైవ్ అయినంక పానం గుంజుకపోయినట్టు అయితుంది అత్తమ్మా."

చంద్రవ్వ ఆమె చెంప మీద చెయ్యి వేసి కళ్లలోకి చూసింది.

"రోజూ అట్లనే అయితుందా?"

"రోజురోజుకు ఎక్కువైతుంది."

"గిరాకీ ఉన్నప్పుడే అమ్ముకోవాలె బిడ్డా. అలవాటైతది. ఫికర్ చెయ్యకు, నేను లేనా?"

నిజమే, ఆమె ఉంది. ఆ ఒక్క ధైర్యంతోనే నవ్యశ్రీ మళ్లీ జడ వేసుకుంది.

మరునాడు కోడలు పార్సిళ్ల సంచి భుజాన వేసుకుని పోస్టాఫీసుకు బయలుదేరింది. ఎదురింటి శంకరవ్వ వచ్చి, చంద్రవ్వ పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీయసాగింది.

"వేరేటోళ్లయితే కొడుకు పోయినంక కోడల్ని తోలేద్దురు. నువ్వు గా పిల్లను కండ్లల్ల పెట్టుకుంటివి అక్కా. గింత చేసినదానివి, నీదొక్క ఫొటో గూడ లేదాయె. ఇటు సూడు, దింపుత."

శంకరవ్వ ఫోన్ ఎత్తింది. చంద్రవ్వ చటుక్కున కొంగు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నీకు గూడ సిగ్గేనా?" శంకరవ్వ నవ్వింది.

"సిగ్గెందుకు?"

చంద్రవ్వ కొంగు తీయలేదు. ఫోన్ కిందికి దిగేదాకా ఆగింది. నవ్యశ్రీ తిరిగొస్తోందేమోనని సందు మలుపు వైపు చూసింది. తర్వాత ఒక గింజ తీసి పక్కన పడేస్తూ నెమ్మదిగా చెప్పింది.

"ఫొటో దిగినకొద్ది ఆయుష్షు కరుగుతదని నేను మొత్తుకున్నా ఇనకుండ, పెండ్లిల నా కొడుకును దినమంతా కెమెరా ముందట నిలవెట్టింది గదా, ఇగ దాని వంతు."