మూడు కొటేషన్ల కంప్యూటర్

"దేనికి వాడతారు సార్? గేములకా, వీడియోలకా?" అని అడిగాడు షాపతను.

"ఒక ఉత్తరం రాయాలి," అన్నాడు పెద్ద గుమాస్తా.

"ఉత్తరాలకా?"

"ఉత్తరాలు కాదు. ఒక్క ఉత్తరం. ఒక్క పేజీ."

షాపతను అతన్ని ఎగాదిగా చూశాడు. ఒక్క పేజీ కోసం కంప్యూటర్ కట్టించుకునే మనిషిని అతను ఇంతవరకూ చూడలేదు. గుమాస్తా మాత్రం నవ్వే స్థితిలో లేడు. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ఆ ఉత్తరం హెడ్డాఫీసుకు చేరకపోతే వాళ్ళ ఆఫీసు మూసేస్తారు. ఉన్న ఆరుగురినీ ఆరు మూలలకు విసిరేస్తారు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళకు అతనికీ, టీచరుగా చేసే భార్యకూ మొన్నమొన్ననే ఒకే ఊళ్ళో ఉద్యోగాలు కుదిరాయి.

"ఈ వయసులో మళ్ళీ రెండు వంటిళ్ళు పెట్టలేనండీ," అని ఆవిడ పొద్దున కూడా కళ్ళొత్తుకుంది.

చేత్తో రాసి పంపితే మూడుసార్లు తిప్పికొట్టారు. 'కంప్యూటర్‌లో టైపు చేసి ఈమెయిల్‌లో పంపవలెను. బయట టైపు చేయించరాదు. సొంత యంత్రములు వాడరాదు. కార్యాలయ రహస్యములు బయటపడును' అని మూడుసార్లూ ఎర్రసిరాతో రాశారు. పోనీ కొందామంటే, పూర్తి కంప్యూటర్ కొనే అధికారం సూపరింటెండెంటు మేడమ్‌కు లేదు. మరమ్మతుల పేరు చెప్పి విడిభాగాలు కొనే అధికారం మాత్రం ఉంది. ఆ భారం తిరిగి తిరిగి పెద్ద గుమాస్తా నెత్తిన పడింది.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో అతను మూడు కొటేషన్లు లేకుండా గుండుసూది కూడా కొన్న పాపాన పోలేదు. ఇప్పుడూ ఆ పద్ధతి తప్పలేదు. ఒక్కో భాగానికీ మూడేసి షాపులు తిరిగి, ఎవరు తక్కువ చెబితే వాళ్ళ దగ్గర తీసుకున్నాడు. బోర్డు ఒకచోట, ప్రాసెసర్ ఇంకోచోట, ర్యామ్ మరోచోట.

బుధవారం అన్నీ బల్ల మీద పరిచి బిగించబోతే ప్రాసెసర్ బోర్డులో కూర్చోనంటే కూర్చోనంది. గురువారం పొద్దున్నే రెండింటినీ జేబురుమాల్లో మూటగట్టుకుని, బోర్డు కొన్న షాపుకు పరిగెత్తాడు.

"ఇదొక కంపెనీ, అదొక కంపెనీ సార్. ఈ జన్మకి కలవవు," అన్నాడు షాపతను.

"రెండూ లోయెస్ట్ కొటేషనేనయ్యా!"

"నిజమే సార్. ఆ సంగతి వాటికి తెలీదు కదా."

గుమాస్తాకు ఏడుపొక్కటే తక్కువ. షాపతనికి జాలేసి బోర్డు మార్చి ఇచ్చాడు. తీరా చూస్తే కొత్త బోర్డు ముందు కొన్న క్యాబినెట్ డబ్బాలో పట్టదు. పట్టేది షాపులో ఒకటే ఉంది. గేముల పిచ్చోళ్ళ కోసం తెప్పించింది. పక్కనంతా అద్దం, లోపలంతా రంగురంగుల లైట్లు.

"ఆ లైట్లు ఆరవా?"

"ఆర్పచ్చు సార్. దానికి ఇంకో పార్టు కొనాలి."

ఇంకో పార్టంటే ఇంకో మూడు కొటేషన్లు. గుమాస్తా క్యాబినెట్ చంకనెత్తుకున్నాడు.

శుక్రవారం నాలుగింటికి మిగతా అయిదుగురూ చుట్టూ నిలబడగా గుమాస్తా బటన్ నొక్కాడు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. పాత ఫైళ్ళూ, వెల్లవేసిన గోడలూ, మేడమ్ కళ్ళద్దాలూ ఎర్రగా, నీలంగా, పచ్చగా వెలిగిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"ష్! ఎవరడిగినా దీన్ని కంప్యూటర్ అనకండి," అన్నారు మేడమ్. "విడిభాగాలు. అంతే."

గుమాస్తా రెండు వేళ్ళతో టైపు కొట్టడం మొదలుపెట్టాడు. చెమటలు తుడుచుకుంటూ, చెరుపుకుంటూ, నాలుగూ యాభైకి ముగించాడు. ఇక బటన్ నొక్కి పంపడమే తరువాయి. ఆఫీసు, ఊరు, ఒకే వంటిల్లు, అన్నీ ఇప్పుడు ఆ ఒక్క పేజీ మీదే ఆధారపడి ఉన్నాయి.

"ఉండండి, తప్పులుంటే మళ్ళీ తిప్పికొడతారు," అంటూ మేడమ్ తెర మీదకు వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, ఉత్తరం పైకి చదివారు:

"అయ్యా, కంప్యూటర్ లేని కార్యాలయాలను మూసివేయుదుమన్న తమ ఉత్తర్వు అందినది. మా కార్యాలయంలో కంప్యూటర్ అన్నది ఒక్కటి కూడా లేనందున, దయతో ఒకటి మంజూరు చేయవలసిందిగా ప్రార్థన."