రెండో డ్రైవరు

"గరివిడి నుంచి విజయనగరం రానూపోనూ యాభై ఆరు కిలోమీటర్లు. వారానికి మూడు ట్రిప్పులు," అంటూ జగన్నాధం కారు బోనెట్ మీద కాగితం పెట్టి లెక్క వేస్తున్నాడు. సాలూరులో లారీ ఆఫీసు అతనిది.

కారు అతని తమ్ముడి భార్య నీలవేణిది. డయాలసిస్‌కి బయల్దేరిన అత్త అప్పటికే వెనక సీట్లో కూర్చుంది.

"డీజిలు, టైర్ల అరుగుదల, ఆసుపత్రి దగ్గర హాల్టింగు, అన్నీ రాసినాను. నీకు అన్నేయం సెయ్యనమ్మా. సూడు, డ్రైవరు బత్తా కూడా ఏసినాను."

బత్తా అన్న మాట దగ్గర నీలవేణి చూపు ఆగిపోయింది. లెక్క వేస్తే తన మీద పడ్డ బరువు బావకి తెలుస్తుందని, వారానికి ఒక్కరోజైనా తల్లిని తనే తీసుకెళ్తానంటాడని ఆశపడి ఈ లెక్క అడిగింది. ఇప్పుడు ఆ కాగితంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

"బావా, రాయపూర్ పోయే నీ లారీకి ఎంతమంది డ్రైవర్లు?"

"ఇద్దరు. ఒక్కడే తోలితే కునుకొచ్చి దేన్నో గుద్దీడా?"

"నీ తమ్ముడికి షిఫ్టులు, నీకు ఆఫీసు. నాలుగేళ్ళనుంచి నేనొక్కర్తినే తోల్తన్నాను. నా బండికి రెండోవోడేడి బావా?"

జగన్నాధం పెన్ను బత్తా అంకె మీదికి వచ్చి ఆగింది.

"అయితే," అన్నాడు తలెత్తకుండా, "బత్తా పెంచమంటావేటి?"

"టైమైపోతంది, రాయే అమ్మా," అని అత్త లోపల్నుంచి పిలిచింది.

నీలవేణి ఎక్కి సీటుబెల్టు బిగించుకుంది.