యుగళగీతంలో రెండో గొంతు

పెద్దల కోసం తీసిన పాటల కార్టూన్ సీరియల్లో జనం నోళ్లలో నానిన యుగళగీతం అది. కొత్తగా మళ్లీ రికార్డు చేస్తున్నారు. మగగొంతు పాడేవాడు రేపొస్తాడు. ఈ రాత్రికి తన వంతు ముగించుకుని ఇంటికెళ్దామని గాయని ఒక్కతే గాజుగదిలో నిలబడి పాడింది. అతని చరణాలు వచ్చినప్పుడల్లా నోరు మూసుకుంది.

పాట అయ్యాక, గాజుకు అవతలున్న ఇంజనీరు తెర మీంచి తలెత్తకుండానే అన్నాడు.

"భలే కుదిరిందక్కా! ఆయన రేపన్నారు కదా, ఎప్పుడొచ్చాడు?"

"ఎవరు?"

"మీతో పాడినాయన. మైకుకి మరీ దగ్గరగా ఉన్నాడు, కాస్త వెనక్కి జరగమనండి."

గదిలో తనొక్కతే ఉందని చెప్పబోయింది. ఈలోగా ఆమె వీపు వెనక చెక్కనేల కిర్రుమంది. ఎవరో మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేశారు.