అరవై నాలుగో పెట్టె

"శుక్రవారంలోగా ఈ వైర్ల లెక్క చూసే కంప్యూటర్ టూలు ఏదో తేలాలి. టూలు తేలితే బాబాయి సీటు అక్కర్లేదు" అన్నాడు డైరెక్టరు. బాబాయి ఎదురుగా ఉండగానే అన్నాడు. ఆయనకి మొహమాటాలు తక్కువ.

బాబాయి అంటే వైర్ల బాబాయి. ఆ ఐదంతస్తుల బీమా ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు. ఏ కంప్యూటరు తీగ ఏ గోడలో దూరి, కంప్యూటర్లని కలిపే ఏ స్విచ్ పెట్టెలో తేలుతుందో ఆయనకి కంఠతా వచ్చు. గదిలో గోడ నిండా పెన్సిలుతో గీసిన చార్టు కూడా ఉంది. గీసి, చెరిపి, మళ్లీ గీసి, ఇరవై ఎనిమిదేళ్లుగా దాన్ని సాకుతున్నాడు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ గట్టెక్కితేనే పూర్తి పింఛను. ఈలోగా ఇంటికి పంపేస్తే ఇంతే సంగతులు.

టూలు తేల్చడానికి బయటి కంపెనీ నుంచి సోమవారం ఓ ఇంజనీరు దిగింది. భుజాన ల్యాప్‌టాప్, మెడలో కార్డు. మొహాన మాత్రం నవ్వు లేదు. బాబాయి ఆమెని అప్పుడే చూస్తున్నట్టు ఎగాదిగా చూశాడు.

"మేడమ్ గారికి నెట్‌వర్క్ సంగతి తెలుసా, ల్యాప్‌టాప్ మోయడం వరకేనా?"

"మీ చార్టు బాగుందండీ. మ్యూజియంలో పెట్టుకోవచ్చు" అంది ఆమె.

ఆఫీసంతా ముసిముసిగా నవ్వుకుంది. ఆ పూట నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. మధ్యాహ్నం ఒకే గదిలో కూర్చున్నా చెరో మూలకీ తిరిగి, డబ్బా మూతలు అడ్డం పెట్టుకుని తినేవారు. ఆ సోమవారం సాయంత్రం అందరూ వెళ్లిపోతుంటే బాబాయి మాత్రం చార్టు ముందు కూర్చుని పెన్సిలు చెక్కుతూ ఉండిపోయాడు. పాపం, దిగులు పడ్డాడనుకున్నారు.

ఆమె మూడు టూళ్లు తెచ్చింది. మూడింటి పనీ ఒకటే. నెట్‌వర్క్‌లో ఉన్న ఒక్కో పెట్టెనీ పలకరించి "నీ పేరేంటి, నీ పక్కన ఎవరున్నారు?" అని అడుగుతాయి. వచ్చిన జవాబులన్నీ కలిపి ఏది దేనికి తగిలించి ఉందో బొమ్మ గీస్తాయి. మొదటిది ఉచితం, కాకపోతే ప్రతిదీ కూర్చుని టైపు చేసి చెప్పాలి. రెండోది బాగా ఖరీదు, బొమ్మ మాత్రం రంగురంగుల్లో వస్తుంది. డైరెక్టరు మనసు దాని మీదే ఉంది. మూడోది అటూ ఇటూ కాని బాపతు.

"పరీక్ష పెడదాం సార్" అంది ఇంజనీరు. "బాబాయిగారి చార్టులో ఉన్నవన్నీ కనిపెట్టిన టూలునే కొనండి. ఒక్కటి తప్పినా వద్దు."

"భేష్!" అన్నాడు డైరెక్టరు.

"నా చార్టుతో పోటీయా? రమ్మనండి" అన్నాడు బాబాయి చొక్కా చేతులు మడుస్తూ.

శుక్రవారం పొద్దున్న మూడు టూళ్లూ వరసగా తిరిగాయి. మొదటిది అరవై మూడు పెట్టెలు చూపించింది. రెండోది అరవై మూడు, రంగుల్లో. మూడోదీ అంతే.

బాబాయి చార్టులో అరవై నాలుగున్నాయి.

"చార్టే తప్పు సార్!" ఇంజనీరు గొంతు పెంచింది. "మూడో అంతస్తు సీలింగు పైన ఒకటుందని గీశారు. ఉంటే మూడింట్లో ఒక్కదానికైనా పలకదా? నిచ్చెన వేయించండి, మీరే చూడండి."

బాబాయి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "వేయించండి సార్! పెట్టె లేకపోతే ఇవాళే రాజీనామా రాసిస్తాను."

డైరెక్టరు బెల్టు బిగించుకుని స్వయంగా ఎక్కాడు. సీలింగు పలక జరిపి తల లోపలికి పెట్టాడు. కాసేపు ఆయన భుజాల కింది భాగమే జనానికి కనబడింది.

"ఉంది!" పైనుంచి కేక. "లైట్లు కూడా మిణుకుమంటున్నాయ్. ఇదేంటి బాబాయ్, దీని మీద దుమ్మయినా లేదు?"

"వారం వారం తుడుస్తాను సార్. నాకవి పిల్లల్లాంటివి."

ఇంజనీరు మొహం మాడ్చుకుంది. "ఇది మూగరకం సార్. వచ్చిన డేటాని అటూ ఇటూ పంపిస్తుందంతే. ఎవరేమడిగినా జవాబు చెప్పదు. ఇలాంటివి ఈ టూళ్లకి దొరకవు."

"ఇలాంటివి ఇంకెన్నున్నాయి?"

అందరూ బాబాయి వైపు చూశారు. బాబాయి తాపీగా సీలింగు వైపు చూశాడు.

సాయంత్రానికి రెండు కాగితాలు టైపయ్యాయి. ఉచితంగా దొరికే మొదటి టూలు చాలు, పక్కన బాబాయి లాంటి మనిషి ఉంటే, అని ఇంజనీరు రాసిచ్చింది. రిటైరయ్యేదాకా బాబాయి కుర్చీ కదపరాదని డైరెక్టరు సంతకం పెట్టాడు. ఆ రెండో కాగితాన్ని బాబాయి రెండుసార్లు చదివాడు. చార్టు వైపు తిరిగి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు. వారం రోజులుగా గుండెల మీద ఉన్న బండ దిగింది మరి.

ఇంటికెళ్లేసరికి ఆయన భార్య నడుం మీద చేతులేసుకుని ఎదురొచ్చింది.

"సోమవారం నుంచి టీవీకి నెట్ లేదు. నా సీరియల్లో ఆ పిల్ల మొగుణ్ణి క్షమించిందో, కోర్టుకీడ్చిందో కూడా తెలీదు. ఆఫీసులో వైర్లన్నీ చూసే మనిషికి ఇంట్లోది చూడ్డానికి తీరికలేదా? ఇంకా ఎన్నాళ్లిలా?"

"ఇంకో రెండేళ్లు ఓపిక పట్టండి అత్తయ్యా, మామయ్య రిటైరయ్యేదాకా మన టీవీ వెనకాలి పెట్టె ఆఫీసు సీలింగులోనే ఉండాలి" అంది ఆ ఇంజనీరు, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.