నూనూగు మీసం

కిటికీ పక్కన కూర్చోబెట్టి, అతని నూనూగు మీసాన్ని అమ్మే గీసింది. పదిహేను రోజులకోసారి ఇది తప్పదు.

తర్వాత ఆస్పత్రికి వెళ్లారు. నెలకో ఇంజెక్షన్. డాక్టరమ్మ మళ్లీ విడమరిచి చెప్పింది.

"మెదడు ఆజ్ఞ పంపుతుంది, గ్రంథి హార్మోను తయారుచేస్తుంది. ఇక చాలని కబురు వెనక్కి వెళ్తే మెదడు ఊరుకోవాలి. మీవాడి మెదడు ఆ కబురు చెవిన పెట్టడం లేదు. ఈ ఇంజెక్షన్ దాన్ని ఊరుకోబెడుతుంది."

"మరి గొంతు?"

"మారిన గొంతు వెనక్కి పోదమ్మా. ఇక్కడితో ఆపగలం, అంతే."

తిరుగు బస్సులో ఒకాయన అతని భుజం తట్టాడు. "కుర్రాడివి, కాస్త లేచి నిలబడొచ్చుగా." అతను లేచాడు. అమ్మ ఏదో చెప్పబోయి ఊరుకుంది. ఎంతమందికని చెబుతుంది?

సాయంత్రం మెట్ల దగ్గర, కింది వాటాలోకి కొత్తగా వచ్చిన పాప నేలమీద సుద్దతో గళ్లు గీసి గెంతుతోంది.

"నువ్వూ వస్తావా?" అంది.

అతన్ని ఆ మాట అడిగినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు. బడిలో అందరూ 'అంకుల్' అని దూరంగా జరిగేవాళ్లే. గొంతు వింటే ఈ పాప కూడా జడుసుకుంటుందేమోనని, తల మాత్రం ఊపాడు.

రెండు గళ్లు గెంతాడు. మూడోదాంట్లో తూలిపడి, ఉండబట్టలేక నవ్వేశాడు. ఆ బొంగురు నవ్వుకి పాప తల్లి చేతిలో పని వదిలేసి బయటికొచ్చింది.

"ఎవరబ్బాయ్ నువ్వు? నీ ఈడువాళ్లు లేరా? మీసాలొచ్చే వయసులో పసిపిల్లతో ఆటలేంటి?"

"ఆడుకుందామని..."

ఆ గొంతు వినగానే ఆమె మొహం ఇంకా మాడిపోయింది. "నువ్వు లోపలికి పద" అని పాపను రెక్క పట్టుకుని తీసుకెళ్లింది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

అతను మిగిలిన గళ్లు ఒక్కడే గెంతాడు. ఎవరూ చూడలేదు. మెట్లెక్కుతుంటే ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే వచ్చే చప్పుడు అతనికే నచ్చదు. పళ్లు బిగించాడు. నోట్లో ఏదో పుటుక్కుమంది.

అమ్మ తలుపు తీసింది. "ఏమైంది నాన్నా? ఎవరైనా ఏమన్నారా?"

అతను తల అడ్డంగా ఊపి, ఆరేళ్లకు ఊడిన తన మొదటి పాలపన్నును ఆమె అరచేతిలో పెట్టాడు.